యాభై ఐదు లీటర్ల సముద్రం

హఫీజ్‌పేట్‌లో మేం తొమ్మిదేళ్లు ఒకే ఇంట్లో కిరాయికి ఉన్నాం. కింద ఇంటివాళ్లు, పైన మేం. అన్నేళ్లలో వాళ్లతో మాట తేడా వచ్చింది ఒక్కసారే, అదీ నా నోటి నుంచే. ఆ ఒక్క మాటతో ఆ మనుషుల్ని పోగొట్టుకునేవాణ్ణి. దానికి కారణం ఒక గాజు తొట్టి, అందులో రెండు రొయ్యలు అని చెబితే ఇప్పుడు ఎవరికైనా నవ్వొస్తుంది. అప్పుడు మాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇంటాయన సర్కారు బడిలో లెక్కల సారు. నాకంటే ఏడేళ్లు పెద్ద. నన్ను తమ్మీ అనేవారు, నేను సార్ అనేవాణ్ణి. ఆయన భార్యను నేను వదిన అనేవాణ్ణి, మా ఆవిడ అక్క అనేది. మాది అనంతపురం జిల్లా. నేను ఇంటర్ దాకా చదివాను, అదీ లెక్కల గ్రూపు కాదు. హైటెక్ సిటీలో ఒక అద్దాల బిల్డింగు కింద, బేస్‌మెంటులో నా ఉద్యోగం. పైన మూడు వేల మంది కంప్యూటర్ల ముందు కూర్చుంటే కింద మేం నలుగురం జనరేటర్లు, ఏసీ యంత్రాలు, నీళ్ల సంపులు చూసుకునేవాళ్లం. రెండు గంటలకోసారి రీడింగులు రాయాలి. రాసిన అంకెల మీద ఇష్టం పుట్టి, కోఠీ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనుక్కుని శాతాలు, ఘనపరిమాణాలు, సాంద్రతలు సొంతంగా నేర్చుకున్నాను. గురువు లేని చదువు. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పేవాళ్లు లేరు కాబట్టి ప్రతిదీ రెండుసార్లు వేసుకునే అలవాటు.

ఆ బిల్డింగు లాబీలో ఒక పెద్ద ఉప్పునీటి తొట్టి ఉండేది. దాని పంపులకు కరెంటు మా లైనులోంచే కాబట్టి రోజూ ఒకసారి వెళ్లి ఉష్ణోగ్రత చూసి రావడం నా పని. చూడాల్సింది ఒక్క నిమిషం, నేను నిలబడేది పది నిమిషాలు. నీళ్ల ఊపుకు ఊగే పగడపు జీవులు, నారింజ రంగు మీద తెల్ల పట్టీల చేపలు. నేను సముద్రం మొదటిసారి చూసింది ముప్పై రెండో ఏట, అదీ రైలు కిటికీలోంచి. అలాంటివాడికి ఇంటికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, లిఫ్టు పక్కన, సముద్రం దొరికింది. తర్వాత లాబీని కొత్తగా చేస్తూ దాన్ని తీసేశారు. తీయడానికి వచ్చిన మనిషికి బాలానగర్‌లో అద్దాలు కోసే షాపు ఉంది. షాపు వెనక గదిలో సొంతానికి ఉప్పునీటి తొట్లు పెట్టుకుని ఇరవై ఏళ్లుగా పెంచుతున్నాడు. మేమంతా ఆయన్ని మేస్త్రి అనేవాళ్లం. చిన్నది ఒకటి ఇంట్లో పెట్టుకోవచ్చా అని అడిగాను. పెట్టుకోవచ్చు గానీ తొందర ఉన్నోడికి గిది పనికిరాదన్నాడు. నాకు తొందర లేదని చెప్పాను.

ముందు ఇంటాయన ఒప్పుకోవాలి. పైఅంతస్తు కదా, బరువు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తు తొట్టి. కాగితం మీద లెక్క వేసుకుని కిందికి వెళ్లాను. రాళ్లు, ఇసుక పోను నీళ్లు యాభై ఐదు లీటర్లు, అంటే యాభై ఐదు కిలోలు. అద్దం పదమూడు, రాళ్లూ ఇసుకా పదిహేడు, చెక్క స్టాండు పంతొమ్మిది. మొత్తం నూట నాలుగు. సారు కళ్లజోడు పెట్టుకుని, ఎర్ర పెన్ను తీసి, నా కాగితాన్ని బడి పిల్లల కాగితంలాగే దిద్దారు.

"ఉప్పునీళ్లంటివి. ఉప్పు ఏది తమ్మీ? రెండు కిలోలు నీ జేబుల పెట్టుకున్నవా?"

నిజమే, లీటరుకు ముప్పై ఏడు గ్రాముల చొప్పున రెండు కిలోల ఉప్పు మరిచిపోయాను. నూట ఆరు అని దిద్ది, కింద సంతకం కూడా పెట్టారు. తన బావమరిది అంతకంటే ఎక్కువే ఉంటాడనీ, వాడు వచ్చి నెల రోజులు పైన పడుకుంటే పడని స్లాబు దీనికి పడదనీ అన్నారు. లోపలి నుంచి వదిన, మా తమ్ముని ముచ్చట తియ్యకుంటే మీకు పొద్దుపోదు అంది. సారు వినిపించుకోలేదు. "మీ అనంతపురంల వాన పడదు. ఈడికొచ్చి సముద్రం పెడ్తున్నవ్" అని మాత్రం అన్నారు.

ఆ ఎండాకాలం నా జీవితంలో నేను అతి నెమ్మదిగా గడిపిన కాలం. మా బోరు నీళ్లలో లవణాలు కొలిచే మీటరు ఏడు వందల ఎనభై చూపేది. అవి పనికిరావు. ప్లాంటు నుంచి వచ్చే ఇరవై లీటర్ల తాగునీటి క్యాన్ నలభై ఐదు. అది పనికొస్తుంది. వంటింటి తక్కెడలో ఉప్పు తూచి, కొద్దికొద్దిగా కలిపి, సాంద్రత చూసే గొట్టం తేల్చి, ఒకటి పాయింట్ సున్నా రెండు ఐదు దగ్గర నిలిచేదాకా మధ్యాహ్నమంతా కూర్చున్నాను. మా ఆవిడది కడప. వాళ్లమ్మ పది కిలోల ఆవకాయకు కూడా ఇంత లెక్క వేయలేదని అంది.

నీళ్లు పోయగానే చేపలు వేయకూడదు. అందులో మంచి సూక్ష్మజీవులు పుట్టాలి, వాటికి తిండి కావాలి. మేస్త్రి చెప్పినట్టు బజారు నుంచి ఒక పచ్చి రొయ్య తెచ్చి వేసి, అది కుళ్లేదాకా ఊరుకున్నాను. కుళ్లితే అమ్మోనియా పుడుతుంది, అది పెరుగుతుంది, తర్వాత దాన్ని తినే జీవులు పెరిగి అది సున్నాకు వస్తుంది. నలభై మూడు రోజులు పట్టింది. మొదటి వారం వాసన మెట్ల దాకా వచ్చింది. మా ఆవిడ ఊదుబత్తీలు తొట్టి దగ్గర కాకుండా గుమ్మం దగ్గర వెలిగించేది, వచ్చేవాళ్లకు మర్యాదగా ఉంటుందని. సారు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని పైకి వచ్చి ఖాళీ నీళ్లను చూసి, "సముద్రం రాలే గని సముద్రం కంపు మొదలే వచ్చింది" అని వెళ్లిపోయారు.

జూలైలో తెల్ల పట్టీల చేపలు రెండు. తర్వాత ఆరు నత్తలు, ఎర్ర చారల రొయ్యలు రెండు. ఆ రొయ్యలు, చేయి పెడితే భయపడకుండా వచ్చి, సన్నటి కాళ్లతో గోళ్ల అంచులు గీరి శుభ్రం చేసేవి. వదిన తన చేయి ఒకసారి పెట్టి, గిలిగింతలకు గట్టిగా నవ్వి, మళ్లీ మళ్లీ పెట్టేది. ఆగస్టులో పగడం. గట్టి పగడాన్ని మన సముద్రాల్లోంచి తీయడం నేరం. మేస్త్రి దాని జోలికి పోయేవాడు కాదు. తన తొట్టిలో పెరిగిన మెత్తటి రకం ఒక ముక్క రాయికి అంటించి ఇచ్చాడు. చొక్కా గుండీలంత జీవులు, ఒక్కోదానికి ఆకుపచ్చ ముఖం, చుట్టూ రెప్పల్లాంటి అంచు. లైటు వేసిన అరగంటకు తెరుచుకునేవి, తీసేస్తే ముడుచుకునేవి. ఇచ్చినప్పుడు ఇరవై మూడు. సెప్టెంబరుకు ముప్పై ఒకటి అయ్యాయి. ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కోగానే వాటిని లెక్కపెట్టడం నాకు ఆ రోజుల్లో అన్నం తినడం కంటే ముందు పని. ఇప్పటికీ సాయంత్రం ఆరున్నరకు ఒక్కోసారి గోడ వైపు చూస్తాను. అక్కడ ఇప్పుడు ఏమీ లేదు.

తెలంగాణ ఉద్యమం అప్పటికే వీధివీధికీ వచ్చింది. ఆఫీసులో అంతకుముందు మీది ఏ ఫ్లోరు అని అడిగేవాళ్లు, ఆ ఏడు మీది ఏ జిల్లా అని అడగడం మొదలైంది. మా ఇంట్లో మాత్రం ఆ ప్రశ్న ఎప్పుడో అయిపోయింది. సారు ఉద్యమంలో మొదటి నుంచీ ఉన్నారు. నా ముందు ఏమీ దాచేవారు కాదు, నన్ను ఒప్పించాలనీ చూసేవారు కాదు. పేపరులో ఏదైనా వస్తే మెట్ల మీద కూర్చుని చదివి వినిపించి, "నువ్వు ఒప్పుకోకు తమ్మీ, గని విను" అనేవారు. నేను వినేవాణ్ణి. టీ వదిన ఇచ్చేది.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి. బస్సులు ఆగాయి. బొగ్గు గనులు ఆగడంతో కరెంటు కోతలు. సారు సమ్మెలో ఉన్నారు, జీతం లేదు. నేను జనరేటర్ల మనిషిని కాబట్టి కోతలకు ముందే సిద్ధపడ్డాను. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు పెట్టాను. కోత ఎన్ని నిమిషాలు, అప్పుడు నీళ్ల వేడి ఎంత, అన్నీ పుస్తకంలో రాశాను. నాకు తట్టని ఇబ్బంది నీళ్లది. తొట్టిలోంచి రోజుకు లీటరుంపావు ఆవిరైపోతుంది. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి అంత మేర మంచినీళ్లు రోజూ పోయాలి. పైగా వారానికి ఆరు లీటర్లు పాతవి తీసి కొత్తవి కలపాలి. కరెంటు లేక ప్లాంటులో నీళ్లు సగమే తయారయ్యేవి. మా వీధికి క్యాన్లు రావడం మానేశాయి.

ప్లాంటు నడిపేవాడు సారు దగ్గర చదువుకున్నవాడు. సారు అడిగితే రోజుకు రెండు క్యాన్లు పంపడానికి ఒప్పుకున్నాడు గానీ క్యాన్లకూ కరువే, తెచ్చినవాణ్ణి నిలబెట్టి అప్పటికప్పుడే ఖాళీ చేసి ఇవ్వాలి. వదిన వాటిని తన పెళ్లినాటి రాగి బిందెలో, మిగతావి చిన్న గిన్నెల్లో ఒంపుకునేది. తెల్లారి ఆ బిందె నీళ్లు మాకు మెట్ల మీద పెట్టేది. మా తాగేవీ, తొట్టివీ అవే. మా ఆవిడ మా ప్లాస్టిక్ డబ్బాలోకి వంచుకుని బిందె కడిగి ఇచ్చేది. నేను మీటరు పెట్టి చూశాను. నలభై ఐదు. పైగా రాగి బిందె నీళ్లు. చిన్నప్పుడు మా నాయన పరగడుపున రాగి చెంబు నీళ్లు తాగించేవాడు, ఒంటికి మంచిదని. చేపలకు కూడా మంచివే అందుతున్నాయని నేను లోలోపల సంతోషపడ్డాను.

బతుకమ్మ దగ్గరపడింది. ప్రతి ఏడూ ఆ తొమ్మిది రోజులూ మా ఆవిడ కింది వరండాలో వదిన పక్కన కూర్చుని గునుగు పూలకు రంగులద్ది, తంగేడు పూలతో కలిపి పేర్చేది. పాట రాకపోయినా చప్పట్లు కలిపేది. పండగకు వదిన ఇంట్లోని ఇత్తడీ రాగీ అన్నీ చింతపండుతో తోమింది. బిందె అద్దంలా మెరిసేది.

ఆ వారమే పగడం ముడుచుకుంది. ముప్పై ఒకటీ. లైటు వేసినా తెరుచుకోలేదు. రెండు రోజుల తర్వాత నత్తలు వెల్లకిలా పడ్డాయి. ఆ తర్వాతి రోజు ఒక రొయ్య. మర్నాడు రెండోది. నేను అన్నీ కొలిచాను. ఉప్పు సరి. వేడి ఇరవై ఆరు, సరి. అమ్మోనియా సున్నా. ఏ అంకెలోనూ తప్పు లేదు, ప్రాణులు మాత్రం పోతున్నాయి. చేపలు రెండూ ఏమీ పట్టనట్టు తిరుగుతున్నాయి. నేను కొలవలేనిది ఒక్కటే మిగిలింది, నీళ్లలో గాలి. కోత వేళల్లో చిన్న పంపు చాలక గాలి తగ్గి ఉంటుంది. కోతకు కారణం సమ్మె. అలా నా లెక్క తేలింది. రెండుసార్లు వేసుకున్నాను, రెండుసార్లూ అదే వచ్చింది.

రెండో రొయ్యను కాగితంలో చుట్టి కిందికి దిగుతుంటే సారు గేటు తీసుకుని వస్తున్నారు. ఆ రోజు రోడ్డు మీద వంటావార్పు. వంటలు రోడ్డు మీదే వండి, అక్కడే కూర్చుని తినే నిరసన. ముఖమంతా పొగా దుమ్మూ, చాలా సంతోషంగా ఉన్నారు. చేతిలో విస్తరాకు పొట్లం. రోడ్డు మీద అందరం కలిసి పులిహోర వండినం, తిని చెప్పమని నా చేతికివ్వబోయారు.

"మీ సమ్మె పుణ్యాన పైన రెండు ప్రాణాలు పోయినాయి సార్. పాపం అవి ఏ రాష్ట్రం అడిగినాయి?" అన్నాను.

అనుకుని అన్న మాట కాదు. కానీ అన్నాను, గట్టిగానే అన్నాను. ఆయన పొట్లాన్ని పిట్టగోడ మీద పెట్టారు. కండువాతో ముఖం తుడుచుకున్నారు.

"పదహారు దినాలాయె, ఇంట్లకు జీతం లేదు. నీ రొయ్యల లెక్క గూడ మా మీదనే రాసుకో."

అంతే. లోపలికి వెళ్లారు. పొట్లం సాయంత్రం దాకా అక్కడే ఉంది. తీసుకునే ధైర్యం నాకు లేకపోయింది, తీసేసే మనసు వాళ్లకు లేకపోయింది.

మర్నాడు గేటు దగ్గర ఎదురైతే, "డ్యూటీకి బయలుదేరినారా అండి?" అని అడిగారు. తొమ్మిదేళ్లలో ఆయన నోట నేను విన్న మొదటి అండి అది. నన్ను దూరం పెట్టడానికి ఆయన వాడిన ఒకే ఒక్క మాట. తిట్టి ఉంటే బాగుండేది. మెట్ల మీద పేపరు చదవడం ఆగింది. సాయంత్రాలు కింద పాట మొదలయ్యేది. మా ఆవిడ వంటింటి కిటికీ దగ్గర నిలబడి పూల రంగులు చూసేది, కిందికి దిగేది కాదు. ఏ మొహం పెట్టుకుని పోయేది అని ఒక్కసారి అంది, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. రెండో రోజు మాత్రం ఇంకో ఇల్లు చూసుకోవాల్సి వస్తుందేమో, అట్లయితే తొట్టిని ఎట్ల మోసుకుపోతారు అని అడిగింది. ఆమె అడుగుతున్నది తొట్టి గురించి కాదని, ఇల్లు గురించని నాకు తెలుసు.

నీళ్ల బిందె మాత్రం రోజూ మెట్ల మీద వచ్చేది. ఆరో మెట్టు మీద, మూతతో. అంతకుముందు వదిన అక్కడి నుంచి మా ఆవిణ్ణి పిలిచి రెండు మాటలు మాట్లాడేది. ఇప్పుడు పెట్టి వెళ్లిపోయేది. మేం వంచుకుని, కడిగి, అదే మెట్టు మీద పెట్టేవాళ్లం. నేను రోజూ లీటరుంపావు తొట్టిలో పోసేవాణ్ణి.

ఆదివారం స్కూటరు మీద బాలానగర్ వెళ్లాను. మేస్త్రి షాపు సగం షట్టరు దించి ఉంది. రీడింగుల పుస్తకం, ఒక సీసాలో తొట్టి నీళ్లు ఆయన ముందు పెట్టాను. ఆయన అంకెలు చూడలేదు. చేపలు బతికే ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను. రొయ్యలు, నత్తలు పోయి చేపలు బతికినయంటే గాలి సంగతి కాదు, గాలి తక్కువైతే ముందు చేపలే పోతయన్నాడు. తర్వాత నీళ్లు ఎక్కడివని అడిగాడు. క్యాన్ నీళ్లని చెప్పాను.

"క్యాన్లకెల్లి దేంట్ల పోస్తున్రు?"

"రాగి బిందెలో" అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను.

ఆయన చేతిలోని అద్దం కోసే పనిముట్టు కింద పెట్టాడు. చేపలకు రోగమొస్తే తాను నీళ్లలో కలిపే మందు రాగే అని చెప్పాడు. చేప దాన్ని తట్టుకుంటుంది. రొయ్యకు, నత్తకు, పగడానికి అది విషం. వడబోసిన శుభ్రమైన నీళ్లలో లవణాలు లేవు కాబట్టి ఒక రాత్రి ఉంచితే రాగిని ఇంకా బాగా లాక్కుంటాయి. చింతపండుతో తోమిన బిందె అయితే చెప్పనక్కర్లేదు. మనుషులకు దానితో ఏం కాదు, ఫికర్ చేయొద్దన్నాడు. సీసా నీళ్లలో ఒక మందు నాలుగు చుక్కలు వేసి చూపించాడు. రంగు మారింది. నా మీటరుకు ఆ రాగి ఒక అంకె పెరిగేంత కూడా లెక్క కాదు.

తిరిగొస్తూ మనసులో వేసుకున్నాను. పదిహేడు రోజులు, రోజుకు లీటరుంపావు, అంటే ఇరవై ఒకటికి కాస్త ఎక్కువ. నీళ్లు మార్చింది రెండుసార్లు, పన్నెండు. ముప్పై మూడు లీటర్లు. అందులో చివరి ఆరు రోజుల నీళ్లు నేను ఆ మాట అన్న తర్వాత వచ్చినవి. నా మీద కోపం ఉన్న ఇల్లు, నా ఇంట్లో నీళ్లు లేకుండా చేయలేదు. అంకెల్లో నాకు తెలిసినంతలో అంత బరువైనది ఇంకొకటి లేదు.

ఇంటికొచ్చి చెప్పగానే మా ఆవిడ తలుపు దగ్గరికి వేసింది. సారుకు క్షమాపణ చెప్పమంది, బిందె మాట మాత్రం ఎత్తొద్దంది. "అక్క చేత్తో పోసిచ్చిన నీళ్లు. ఆమె తట్టుకుంటుందా? మీ లెక్క తప్పిందని చెప్పండి, చాలు." అది అబద్ధం కూడా కాదు. నేను సరేనన్నాను.

మర్నాడు ఉదయం కిందికి వెళ్లాను. సారు వరండాలో కుర్చీలో, వదిన లోపల గడప దగ్గర కూర్చుని గునుగు పూల కాడలు కత్తిరిస్తోంది. కూర్చోండి అన్నారు. నేను కూర్చోలేదు. సమ్మె వల్ల కాదు సార్, నేనన్న మాట తప్పు, నా లెక్క తప్పింది అన్నాను. ఇంట్లో అనుకున్నంత వరకే చెప్పి ఆగాను.

"ఏ లెక్క?"

"తొట్టి లెక్క సార్."

"స్టెప్పులు చూపించుండ్రి. జవాబొక్కటే రాస్తే నేను మార్కులెయ్య."

ముప్పై ఏళ్లుగా పిల్లల్ని అడిగిన ప్రశ్న. తప్పించుకునే దారి ఆయనకు ముందే తెలుసు. నేను చెప్పడం మొదలుపెట్టాను. గాలి తగ్గలేదు, తగ్గితే చేపలు పోయేవి. ఉప్పు సరి, వేడి సరి. పోయినవి రొయ్యలు, నత్తలు. వాటికి పడనిదేదో నీళ్లలో చేరింది. అది నీళ్లతో పాటు కొద్దికొద్దిగా చేరి, ఆవిరి కాకుండా మిగిలిపోయింది. ఏమిటది అన్నారు. ఒక లోహం అన్నాను. అక్కడితో ఆగిపోయాను.

లోపల, వంటింటి గట్టు మీద, బిందె మెరుస్తోంది. ఆయన చూపు అటు వెళ్లడం నేను చూశాను. వదిన చేతిలో కత్తెర ఆగడం కూడా చూశాను.

"రాగియా?" అని ఆమె అడిగింది. నన్ను కాదు, సారును.

ఆమె పూలు ఒళ్లోంచి తీసి పక్కన పెట్టి, "నా చేయి పెడితే గోళ్లు గీరేటియి" అంది. నేను గడప దగ్గరికి వెళ్లి, పోసింది నేను వదినా, మీరిచ్చింది మా గొంతు తడవడానికి, దేంట్లోంచి వచ్చాయని అడగకుండా తొట్టిలో పోసింది నా చేయి అని చెప్పాను. అడిగి ఉంటే మేస్త్రి మొదటి రోజే చెప్పేవాడు. ఆమె విన్నదో లేదో తెలియదు. కళ్లు కొంగుతో ఒత్తుకుని లోపలికి వెళ్లింది.

సారు వీధిలోకి చూస్తూ, మొదలు మా సమ్మె మీద పెట్టినవ్, ఇప్పుడు మా బిందె మీదికొచ్చినవ్, ఎట్ల తిప్పినా మా ఇంటి మీదికే వచ్చెగద నీ లెక్క అన్నారు. గొంతులో కోపం ఉందో నవ్వు ఉందో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు తలుచుకుంటే రెండూ ఉన్నాయనిపిస్తుంది. ఎట్ల తిప్పినా తప్పు నా ఇంటిదే సార్ అన్నాను. "గా మాట గా దినం మెట్ల మీద అనాల్సింది" అని లేచి లోపలికి వెళ్లారు.

అంతటితో అన్నీ సర్దుకుపోయాయని రాస్తే అది నిజం కాదు. మర్నాడు నీళ్లు స్టీలు గుండిగలో వచ్చాయి. ఆరో మెట్టు మీద కాదు, వదినే పైకి తెచ్చింది. తొట్టి వైపు చూడకుండా వంటింట్లో పెట్టి, సద్దుల బతుకమ్మకు పూలు చాలా ఉన్నాయి, ఒక్కదాన్నే పేర్చలేను అని మా ఆవిడతో చెప్పి దిగిపోయింది. మా ఆవిడ పొయ్యి మీద పప్పు దించి, నన్ను అన్నం వండుకోమని చెప్పి వెనకే వెళ్లింది. ఆ సాయంత్రం కింద పాటలో ఆమె చప్పట్లు నాకు విడిగా వినిపించాయి, ఒక అర మాత్ర ఆలస్యంగా.

నేను రెండు రోజులకోసారి పది లీటర్లు మార్చాను. మేస్త్రి ఇచ్చిన బొగ్గు సంచి నీళ్ల దారిలో పెట్టాను. పగడం రాయి బూడిద రంగుకు తిరిగింది. కొన్ని గుండీలు కరిగి రాలిపోయాయి. తీసేద్దామా అని నేను అనుకుంటున్న రోజుల్లో, ఒక ఉదయం సారు పైకి వచ్చారు. బడి లేదు, పొద్దు పోవట్లేదు అన్నారు. స్టూలు లాక్కుని తొట్టి ముందు కూర్చుని, ఏవి బతికినయో ఎట్ల తెలుస్తది అని అడిగారు. తెరుచుకుంటే బతికినట్టు అని చెప్పాను. ఆ రోజు ఒక్కటీ తెరుచుకోలేదు. ఆయన గంటసేపు కూర్చున్నారు. మర్నాడూ వచ్చారు. మూడో రోజో నాలుగో రోజో, రాయి వెనక వైపు ఒకటి అంచు విప్పింది. ఆయనే ముందు చూశారు. వదినను కేకేసి పిలిచారు. ఆమె వచ్చి, దూరంగా తలుపు పట్టుకుని నిలబడి చూసింది.

సమ్మె ముగిసి బడులు తెరిచాక కూడా ఆయన సాయంత్రాలు వచ్చేవారు. మెట్ల మీద చదివే పేపరు ఇప్పుడు తొట్టి ముందు చదివేవారు. చదవడం అయ్యాక లెక్క. నేను ఒక పక్క నుంచి, ఆయన ఇంకో పక్క నుంచి, తెరుచుకున్న గుండీలు లెక్కపెట్టేవాళ్లం. ఎప్పుడూ ఒకటి తేడా వచ్చేది. సగం తెరిచిన దాన్ని ఆయన లెక్కలో వేసుకునేవారు, నేను పూర్తిగా తెరిస్తే తప్ప వేసుకునేవాణ్ణి కాదు. సగం వచ్చినోడిని గైర్హాజరు వేస్తరా తమ్మీ, ఏ బడిల చదివినవ్ అనేవారు. తమ్మీ అన్న ఆ మాట ఆయన నోట మళ్లీ ఏ రోజు వచ్చిందో నేను గమనించలేదు. అన్నీ రాసుకునేవాణ్ణి, అది మాత్రం రాసుకోలేదు.

దీపావళి తర్వాత ఒక సాయంత్రం నాకు పదకొండు వచ్చాయి, ఆయనకు పన్నెండు. ఆ పన్నెండోది రాయి అంచున, కింది వైపు, రెప్పల అంచు ఒక పక్కే విప్పి, రెండో పక్క ఇంకా ముడిచే ఉంది. వదిన మా ఇద్దరి మధ్య నుంచి వంగి చూస్తోంది. ఆమె ఊపిరికి అద్దం మీద ఆవిరి పట్టింది. ఎన్ని అని అడిగింది.

పన్నెండు అన్నాను.